ఫ్యాక్టర్ వయల్‌ని రొయ్యల్లా ఐస్‌లో పూడ్చొద్దు

నాది దివిసీమ, నాగాయలంక. నాకు హీమోఫిలియా ఏ. అంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 నా ఒంట్లో తక్కువ. బి రకం వాళ్లకి తక్కువయ్యేది ఫ్యాక్టర్ 9. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు, లేబుల్ చూసుకోండి.

మన దగ్గర రొయ్యలు ఎట్లా పంపిస్తారు? థర్మోకోల్ పెట్టెలో ఐస్ పోసి పూడ్చేస్తారు కదా. బందరు నుంచో గుడివాడ నుంచో చల్లపల్లి మీదుగా బస్సులో వయల్ తెచ్చుకుంటూ అదే పని చేశారనుకోండి, మందు పాడే! 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి, గడ్డకట్టకూడదు. ఐస్‌కీ వయల్‌కీ మధ్య మందపాటి గుడ్డ వెయ్యండి. ఇంట్లో కూడా ఫ్రీజర్లో పెట్టొద్దు.

కలిపేటప్పుడు సీసా గిలక్కొట్టొద్దు, నురగొస్తుంది. అరచేతుల మధ్య నెమ్మదిగా తిప్పితే చాలు. మడ్డిగా ఉంటే, రేణువులు కనిపిస్తే వాడొద్దు. కలిపాక మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చాలా మందులకి గడువు 3 గంటలే. ఎక్కించేది నరంలోకి, అదీ నేర్చుకున్నవాళ్లే, మెల్లగా. డోసు డాక్టరు బరువు చూసి చెప్తారు.

అన్నిటికన్నా నాకు భయం వేరే. మోకాలు వాచిందని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికెళ్తే తుంటికి డైక్లోఫెనాక్ సూది వేసేస్తారు. కండలో రక్తం చేరుతుంది, ఆ మందు వల్ల కారడం ఇంకా పెరుగుతుంది. నొప్పికి మనకి పారాసెటమాలే. తలకి దెబ్బ తగిలితే వాపు కోసం చూడొద్దు, ముందు ఫ్యాక్టర్, వెంటనే ఆస్పత్రి. వాడిన ప్రతి వయల్ లేబుల్‌ని, బ్యాచ్ నంబరు కనపడేలా ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. అక్కడ డాక్టరు అడిగితే చూపించొచ్చు.