చిన్న ‘బి’... పెద్ద ‘బి’... మధ్యలో ఎనిమిది!

ఇంటికి 100 ఎంబీపీఎస్ కనెక్షన్ పెట్టించారు. కుర్రాడు వచ్చి తీగ లాగి, గోడకు డబ్బా బిగించి వెళ్లాడు. సాయంత్రం పిల్లలు కంప్యూటర్లో ఏదో గేమ్ దించుకుంటుంటే తెర మీద వేగం 11 దాటడం లేదు. ‘వంద అని డబ్బులు కట్టించుకుని పదకొండు ఇస్తారా?’ అంటూ ఇంటాయన కస్టమర్ కేర్‌కి ఫోన్ కలుపుతాడు. అవతలి అమ్మాయి ‘సర్, మీ లైన్ బాగానే ఉంది’ అంటుంది. ఈయన నమ్మడు. నిజానికి ఆ ఇద్దరూ చెప్పేది ఒకటే... కాకపోతే వేర్వేరు కొలతల్లో!

బియ్యం కొలిచే గిద్దె, సోల, తవ్వ, మానిక పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ప్రాంతాన్ని బట్టి కొంత మారినా, సాధారణంగా నాలుగు గిద్దెలైతే సోల, రెండు సోలలైతే తవ్వ. అంటే తవ్వకు ఎనిమిది గిద్దెలు. కంప్యూటర్ లెక్కా అచ్చం ఇంతే. గిద్దె లాంటిది బిట్, తవ్వ లాంటిది బైట్. టెలిఫోన్ కంపెనీ గిద్దెల్లో అమ్ముతుంది, కంప్యూటర్ తవ్వల్లో చూపిస్తుంది. ఇంగ్లిషులో రాసేటప్పుడు చిన్న బి వేస్తే బిట్లు, పెద్ద బి వేస్తే బైట్లు. ప్రకటనలో ఆ ఒక్క అక్షరం తేడా ఎంతమంది చూస్తారు?

‘బిట్’ అనే మాటను జాన్ టూకీ అనే శాస్త్రవేత్త సూచిస్తే, క్లాడ్ షానన్ 1948లో తన ప్రసిద్ధ పత్రంలో వాడి లోకానికి పరిచయం చేశాడు. ‘బైట్’ 1956లో ఐబీఎం ఇంజినీరు వెర్నర్ బుకోల్జ్ పెట్టిన పేరు. మొదట్లో బైట్‌కు ఇన్నే బిట్లు అన్న నియమం లేదు. ఎనిమిది స్థిరపడింది తర్వాతే.

ఫోన్ మాటకు 64
కంపెనీలు బిట్లలోనే ఎందుకు లెక్కపెడతాయి? పెద్ద అంకె కనిపిస్తే గిరాకీ బాగుంటుందన్న మాట అబద్ధమేమీ కాదు గానీ, అసలు కారణం అంతకన్నా పాతది. తీగలో బిట్లు ఒకదాని వెనక ఒకటి పోతాయి. టెలిఫోన్ వాళ్లకు ముందునుంచీ లెక్క అదే.

ఫోన్‌లో మన గొంతును అంకెలుగా మార్చడానికి సెకనుకు 8,000 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకు 8 బిట్లు. గుణిస్తే సెకనుకు 64,000 బిట్లు... అంటే 64 కేబీపీఎస్. ల్యాండ్‌లైన్ ఎక్స్ఛేంజీల మధ్య ఒక సంభాషణకు కేటాయించే దారి ఇదే. ఇలాంటివి 32 కలిపి ఒక కట్టగా కడితే ‘ఈ1’. అందులో 30 మాటలకు, మిగతా రెండు సమన్వయానికి, సంకేతాలకు. మొత్తం 2,048 కేబీపీఎస్. ఐరోపాలోనూ మన దేశంలోనూ ఇదే పద్ధతి. అమెరికా వాళ్లు 24 మాత్రమే కట్టి 1.544 ఎంబీపీఎస్ అన్నారు. ఇక 63 ఈ1లు ఎక్కించుకునే పెద్ద బండి ‘ఎస్‌టీఎం-1’, వేగం 155.52 ఎంబీపీఎస్.

2,048ని చూసి ‘ఓహో, 1,024కి రెట్టింపు’ అనుకునేవాళ్లున్నారు. కాదు, అది 32 పెట్టె 64. నెట్‌వర్క్‌లో కిలో అంటే కచ్చితంగా వెయ్యే. 1,024 గోల అంతా కంప్యూటర్ మెమొరీది. టెరాబైట్ అని కొన్న హార్డ్‌డిస్క్‌ను విండోస్ 931 జీబీ అని చూపించేది ఈ గోల వల్లే. దీన్ని సర్దడానికి 1998లో కిబి, మెబి అని కొత్త పేర్లు పెట్టారు. దుకాణాల్లో ఆ పేర్లు చెబితే ఎవరికీ తెలియవు, అది వేరే సంగతి!

పాట ఒకటే... టైమే వేరు
మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. అప్పటి డయలప్ వేగం 9.6 కేబీపీఎస్. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 1.2 కిలోబైట్లు. 5 ఎంబీ పాట దిగాలంటే గంటా పది నిమిషాలు. 2004 విధానం 256 కేబీపీఎస్ ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అంది. అదే పాట రెండున్నర నిమిషాల పైచిలుకు. 2013లో ఆ హద్దు 512కి, 2023లో 2 ఎంబీపీఎస్‌కి పెరిగింది. రెండంటే సెకనుకు 250 కిలోబైట్లు. పాటకు 20 సెకన్లు చాలు.

వేగం పెరిగితే సంతోషమే, కానీ జేబుకు చిల్లు పడేదీ ఇక్కడే. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉంది. ఫోన్ 100 ఎంబీపీఎస్‌తో పరుగెడుతోంది. 1.5ను ఎనిమిదితో గుణిస్తే 12 గిగాబిట్లు... పూర్తి వేగంతో ఏదైనా దించితే రెండు నిమిషాల్లో ఆ రోజు డేటా హుళక్కి! ఆ తర్వాత చాలా ప్యాక్‌లలో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఎంట్రన్స్ దరఖాస్తుకు ఆఖరి రోజు రాత్రి 2 ఎంబీ సర్టిఫికెట్ ఎక్కించాలంటే నాలుగు నిమిషాల పైనే పడుతుంది. ఈలోగా వెబ్‌సైట్ ‘మీ సమయం అయిపోయింది, మళ్లీ మొదలెట్టండి’ అనొచ్చు. సినిమా ట్రైలర్లు చూసేది ఫారం నింపాక పెట్టుకుంటే మేలు.

మరి 11 ఎందుకొచ్చింది?
100ను ఎనిమిదితో భాగిస్తే 12.5 రావాలి కదా! ప్రతి డేటా ముక్కకూ ఉత్తరానికి కవరులా చిరునామా, సరిచూసే గుర్తులు తగిలిస్తారు. ఆ బరువు పోగా మిగిలేది 11 పైచిలుకు. అందుకే నోటిలెక్కకు పదితో భాగిస్తే సరిపోతుంది. పై ఇంటాయనకు అన్యాయమేమీ జరగలేదన్నమాట.

అసలు అనుమానించాల్సింది 200 ప్లాన్ తీసుకున్నా స్పీడ్‌టెస్ట్ ఎప్పుడూ 94 దగ్గరే ఆగిపోతుంటే. అది కంపెనీ పిసినారితనం కాకపోవచ్చు. రౌటర్‌కు తీగ గుచ్చే రంధ్రం 100 ఎంబీపీఎస్ రకమైతే అంతకు మించి రాదు. లేదా తీగ చివర బిగింపులో ఎనిమిది పోగులకు నాలుగే సరిగ్గా తగులుతుండొచ్చు. కొత్త తీగ వేసి, వైఫై ఆపి, కంప్యూటర్‌ను నేరుగా డబ్బాకు కలిపి ఒకసారి చూడాలి. అప్పటికీ 94 దాటకపోతే ఆ అంకె కాగితం మీద రాసుకుని, ‘ఎంబీపీఎస్’ అని స్పష్టంగా చెబుతూ ఫిర్యాదు చేయొచ్చు.