గాలా... నీళ్లా?

బైకు ఇంజను చుట్టూ రేకులుంటాయి. కారుకేమో రేడియేటరు. రెండూ చేసేది ఒకటే... పుట్టిన వేడిని బయటికి తోలడం. ఇంట్లో కంప్యూటరుకూ ఈ రెండు దారులూ ఉన్నాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కుర్రాళ్లు కొత్త పీసీ కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్తే, అద్దాల కేబినెట్లో రంగుల లైట్లతో మెరిసే లిక్విడ్ కూలరే ముందు కంటపడుతుంది. నాన్న జేబు తడుముకునేదీ అక్కడే!

నీళ్లు పెడితే ఫ్రిజ్‌లా చల్లబడుతుందన్నది చాలామంది నమ్మకం. కాదు. ప్రాసెసర్ వేడిని ద్రవం పీల్చుకుంటుంది, పంపు దాన్ని గొట్టాల్లోంచి రేడియేటరుకు తోస్తుంది. అక్కడ మళ్లీ ఫ్యాను తిరగాల్సిందే. గది 35 డిగ్రీలుంటే ఈ రెండింట్లో ఏదీ ప్రాసెసర్‌ని 34కు దించలేదు. తమాషా ఏమిటంటే, ‘గాలి’ కూలర్లోనూ ద్రవం ఉంది! రాగి గొట్టాల్లోని ఆ కొద్దిపాటి ద్రవం వేడికి ఆవిరై, రేకుల దగ్గర చల్లబడి వెనక్కొస్తుంది. పంపుతో పనేలేదు.

చదువులు, ఆఫీసు పని, మామూలు ఆటలకు వాడే 65 వాట్ల రకం ప్రాసెసర్లకు గాలి చాలు. చాలావాటికి కూలరు పెట్టెలోనే వస్తుంది. ఇంటెల్ కోర్ ఐ9 14900కె లాంటిది మాత్రం పూర్తి జోరులో 253 వాట్ల దాకా లాగుతుంది. దాంతో గంటల తరబడి వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు పెద్ద రేడియేటరు దండగ కాదు. పుంగనూరు ఆవులా పొట్టి కేబినెట్ కొన్నా అంతే... 15, 16 సెంటీమీటర్ల ఎత్తుండే గాలి కూలరు అందులో పట్టదు.

మిగతావాళ్లు ముందు ఆలోచించాల్సింది రిపేరు గురించి. గాలి కూలర్లో పాడయ్యేది దాదాపుగా ఫ్యానొక్కటే. అది మారిస్తే సరి. లిక్విడ్ కూలర్లో పంపు ఆగిందా, చాలా రకాల్లో మొత్తం మార్చాల్సిందే. వారంటీ ఉంటే మళ్లీ బెంగళూరు బస్సో, కుప్పం వాళ్లయితే రైలో ఎక్కాల్సి రావచ్చు. అన్నాళ్లూ కంప్యూటరు మూలన పడి ఉంటుంది. లీకు అరుదేగానీ, జరిగితే మదర్‌బోర్డుకే ఎసరు. 2004లో పవర్ మ్యాక్ జీ5లో ద్రవ పద్ధతి పెట్టిన ఆపిల్, 2006 నాటి మ్యాక్ ప్రోలో తిరిగి గాలికే వచ్చింది.

సొంతంగా గొట్టాలు బిగించుకునే సరదా ఉన్నవాళ్లు బోరు నీళ్లు మాత్రం పొయ్యకూడదు. గీజరులో పేరుకునే తెల్లటి పొర లాంటిదే ఆ సన్నటి దారుల్లోనూ పట్టి, మూసేస్తుంది.

సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున్న ఈ ఊళ్లలో ఎండ ఒక మెట్టు తక్కువే. దుమ్ము మాత్రం తక్కువ కాదు! అది రేకుల మధ్య చేరితే ఏ కూలరైనా ఒకటే. రెండు మూడు నెలలకోసారి కరెంటు తీసేసి బ్లోయరుతో ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. దుమ్ము పడుతుందని నడుస్తున్న కంప్యూటరు మీద గుడ్డ కప్పడం మరీ చేటు. ఇంకా వేడెక్కుతుంటే, కంప్యూటరు టేబుల్లో తలుపులున్న అరలోంచి కేబినెట్‌ను బయటికి తీసి చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.