వెనక్కి వాలిన గీతను తినేదెవరు?

ల్యాబ్ సర్వర్ నుంచి వచ్చిన మెయిల్లో ఒకే ఒక్క ఫిర్యాదు ఉంది: కోట్ తెరిచారు, మూయలేదు. రాత్రి 2 గంటలకు నడవాల్సిన బ్యాకప్ నడవలేదు.

ఆ లైను రాసింది మా డిప్లొమా రెండో సంవత్సరం అమ్మాయి. పిలిచి మెయిల్ చూపించాను. చెప్పిన వేళకు కమాండ్లను నడిపించే క్రాన్ తాలూకు ఫైలు తెరిచి, స్క్రీన్ మీద వేలు పెట్టి, "తెరిచిన కోట్ ఇదిగో, మూసిన కోట్ ఇదిగో సార్" అంది. నిజమే, రెండూ ఉన్నాయి. అదే లైను కాపీ చేసి టెర్మినల్లో పెట్టి ఎంటర్ కొట్టింది. బ్యాకప్ ఫైలు తయారైంది, పేరు చివర ఆనాటి తేదీతో సహా. "చూశారా, నేను నడిపితే నడుస్తోంది. క్రాన్ నడిపితే ఏడుస్తోంది. దానికేమైనా రేచీకటా సార్?"

ఒక్క మాటలో జవాబు చెప్పేయొచ్చు. కానీ ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే చాలు, నాకు కీబోర్డు మీద ఎంటర్ మీట దగ్గర్లో ఉండే వెనక్కి వాలిన గీత, \, గుర్తొస్తుంది. దాని సంగతి చెప్పకుండా క్రాన్ సంగతి చెప్పడం నాకు చేతకాదు.

ఒకే గుర్తును రెండు రకాలుగా చదవాల్సిన ఈ చిక్కు కంప్యూటర్ కంటే పాతది. 1870లలో ఫ్రాన్సులో ఎమిల్ బోడో తయారుచేసిన తంతి కోడ్‌లో ఒక్కో అక్షరానికి 5 సంకేతాలు, ఒక్కొక్కటీ ఉండడమో లేకపోవడమో. ఐదింటితో ఎంత తిప్పినా వచ్చేవి 32 కలయికలే. అక్షరాలకే 26 పోతే అంకెలను ఎక్కడ కూర్చోబెట్టాలి? ఆ కలయికల్లోనే ఒకదానికి "ఇకనుంచి అంకెలు" అనీ, ఇంకోదానికి "ఇకనుంచి అక్షరాలు" అనీ అర్థం పెట్టారు. అలా ఒకే కలయిక రెండు ఉద్యోగాలు చేసింది. బాగానే ఉంది గానీ, దారిలో ఆ "ఇకనుంచి" గుర్తు ఒక్కటి చెడిపోయిందనుకోండి, మిగతా తంతి అంతా అంకెల గందరగోళం. తప్పు మొదట్లో జరుగుతుంది, చదివేవాడు చివరిదాకా ఏడుస్తాడు.

స్క్రిప్టులో కోట్ గుర్తు చేసేది అచ్చంగా ఈ పనే. తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా మొత్తం చదివే తీరునే మార్చేస్తుంది. అందుకే మూడో లైన్లో ఒక కోట్ మర్చిపోతే కమాండ్లను చదివి నడిపే షెల్ ఫిర్యాదు చాలాసార్లు మూడో లైను మీద రాదు. మూసే కోట్ కోసం ఫైలు చివరిదాకా వెతుక్కుంటూ పోయి, అక్కడ గోడ తగిలాక అరుస్తుంది. మా పిల్లలు చివరి లైను పట్టుకుని గంటలు గంటలు పీక్కుంటారు. పాపం చివరి లైను ఏ పాపమూ చేయలేదు.

ఇంకో పద్ధతి ఉంది. మొత్తం మార్చొద్దు, నా వెనక వచ్చే దాన్ని మాత్రం వేరేగా చదువు అని చెప్పే గుర్తు. దీన్ని కంప్యూటర్ల అక్షరపట్టికలోకి తేవడానికి గట్టిగా పట్టుబట్టిన మనిషి బాబ్ బీమర్. 1960 ప్రాంతంలో ఐబీఎంలో ఉన్నాడు. ఒక్కో కంపెనీ యంత్రానికి ఒక్కో అక్షరపట్టిక ఉన్న రోజులవి. ఒక పట్టికలోంచి తప్పించుకుని ఇంకో పట్టికలోకి దూకడానికి ఒక గుర్తు ఉండాలన్నాడు. అదే ఎస్కేప్. తర్వాత ఉమ్మడిగా వచ్చిన ఆస్కీ అక్షరపట్టికలో దాని నంబరు 27, కీబోర్డు మీద ఎడమ పై మూలన ఇప్పటికీ కూర్చుని ఉంది.

వెనక్కి వాలిన గీతను 1961లో ఆ పట్టికలోకి తెచ్చింది కూడా బీమరే. నంబరు 92. తమాషా ఏమిటంటే, తప్పించుకునే పని కోసం తేలేదు. ఆల్గాల్ భాషలో "మరియు", "లేదా" అనే తర్కపు గుర్తులు కొండ ఆకారంలో, లోయ ఆకారంలో ఉండేవి. మామూలు గీతకు జోడీగా వెనక్కి వాలిన గీత ఒకటి దొరికితే /\ అనీ \/ అనీ రెంటినీ టైపు కొట్టేయొచ్చని ఆయన ఆలోచన. ఆల్గాల్ మరుగున పడింది, కొండలూ లోయలూ పోయాయి, గీత మిగిలిపోయింది. తన కారు నంబరు ప్లేటు మీద ఆస్కీ అని రాయించుకున్న మనిషి బీమర్. ఎవరి పిచ్చి వారికానందం. ఆయన కన్న ఈ ఇద్దరు పిల్లల్లో, ఎస్కేప్ చేయాల్సిన ఉద్యోగం తర్వాతి రోజుల్లో గీత చేసింది.

ఆ ఉద్యోగానికి పోటీ మామూలుగా లేదు. సమస్య ఇది: మాటలను కోట్‌ల మధ్య పెడుతున్నాం, మరి ఆ మాటల్లోనే కోట్ వస్తే? మొదటి పోటీదారు ఫోర్ట్రాన్. పాత ఫోర్ట్రాన్‌లో కోట్‌లే లేవు. మాటకు ఎన్ని అక్షరాలో ముందు లెక్క చెప్పి, హెచ్ అనే అక్షరం పెట్టి, ఆపైన మాట రాయాలి. 5 అంటే యంత్రం కళ్ళు మూసుకుని 5 అక్షరాలు తీసుకుంటుంది. వాటిలో కోట్ ఉన్నా, కామా ఉన్నా దానికి పట్టదు. గొప్ప పద్ధతి. ఒకటే లోపం, మనుషులకు లెక్కపెట్టడం రాదు. మాటలో ఒక అక్షరం దిద్ది, ముందున్న అంకె దిద్దడం మర్చిపోతే అంతే సంగతులు.

రెండోది రెట్టింపు పద్ధతి. లోపల కోట్ కావాలంటే వెంటవెంటనే రెండు రాయి. పాస్కల్ ఇలాగే చేసింది, ఎస్‌క్యూఎల్ ఇప్పటికీ ఇలాగే చేస్తుంది. డి'సౌజా అనే పేరును డేటాబేస్‌కు పంపాలంటే 'డి''సౌజా' అని రాస్తాం. కొత్త గుర్తు అక్కర్లేదు. కానీ దీనితో కోట్ ఒక్కదాన్నే కాపాడగలం. కొత్త లైను మొదలుపెట్టు అని చెప్పాలంటే? టాబ్ కావాలంటే?

మూడోది బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చింది. కెన్ థాంప్సన్ చేసిన బీ భాషలో తప్పించే గుర్తు గీత కాదు, నక్షత్రం: *. కొత్త లైనుకు *ఎన్ అని రాసేవారు. 1970ల మొదట్లో డెన్నిస్ రిచీ చేతిలో బీ కాస్తా సీగా మారేటప్పుడు నక్షత్రం దిగిపోయి గీత ఎక్కింది. నక్షత్రానికి గుణకారం పని ఎలాగూ ఉంది, గీత చేతులు కట్టుకుని ఖాళీగా నిలబడి ఉంది కదా అని నా ఊహ. ఏదైతేనేం, \ఎన్ పుట్టింది.

ఈ గీత తెలివి దాని రెండు వైపుల పదునులో ఉంది. మామూలు అక్షరం ముందు నిలబడితే దానికి వేషం వేస్తుంది: ఎన్ కాస్తా కొత్త లైనవుతుంది. వేషమున్న గుర్తు ముందు నిలబడితే వేషం తీసేస్తుంది: \" అంటే ఉత్త కోట్, \$ అంటే ఉత్త డాలర్. తన ముందు తానే నిలబడితే? \\ అంటే ఉత్త గీత. తన్ను తాను కూడా కాపాడుకోగలదన్నమాట. ఇంత చిన్న నియమంతో ఇంత పని జరిగే యంత్రం నేనింకోటి చూడలేదు.

అయితే పని అయ్యాక ఆ గీత ఉండదు. చదివినవాడు తినేస్తాడు. ఈ ఒక్క సంగతి ఒంటబట్టిన రోజు సగం దోషాలు వాటంతటవే దొరుకుతాయి. ఒకే లైనును ఒకరి తర్వాత ఒకరు ఇద్దరు చదివితే, మొదటివాడు ఒక విడత గీతలను తినేసి మిగిలింది రెండోవాడికి అందిస్తాడు. ఉత్త గీత ఒకటి చివరిదాకా చేరాలంటే ఒక పాఠకుడికి 2, ఇద్దరికి 4, ముగ్గురికి 8 రాయాలి. కోట్‌ల లోపలి కోట్‌కైతే ముందు 1, దాన్ని ఇంకో జత కోట్‌లలో పెడితే 3, ఇంకోదానిలో పెడితే 7. ఇక్కడి నుంచి ఇంకో సర్వర్‌కు కమాండ్ పంపి, అక్కడ అది ఇంకో ప్రోగ్రామ్‌ను పిలిస్తే \\\\\\\" లాంటి వానజల్లు కనిపించేది అందుకే. పర్ల్ రాసేవాళ్ళు దీన్ని ఒరిగిన పళ్ళపుల్లల జబ్బు అంటారు.

షెల్‌కు ఈ ఆకలిలో కూడా పట్టింపులున్నాయి. కోట్ లేకుండా రాస్తే కనబడ్డ గీతనల్లా తింటుంది. జంట కోట్‌లలో డాలర్, కోట్, గీత లాంటి కొన్నింటి ముందున్నదాన్నే తింటుంది, మిగతావి అలాగే వదిలేస్తుంది. ఒంటి కోట్‌లలో అసలు ముట్టదు, నిష్ఠగా ఉపవాసం. అంత నిష్ఠ వల్ల ఒంటి కోట్‌ల లోపల ఒంటి కోట్ పెట్టే దారే లేదు. అందుకే '\'' అనే విచిత్రం: మూసెయ్, బయటికొచ్చి గీత పెట్టి ఒక కోట్ రాయి, మళ్ళీ తెరువు. మొదటిసారి చూసిన పిల్లలు ఇది టైపింగ్ తప్పనుకుని దిద్దేస్తారు.

ఇప్పుడు మా అమ్మాయి లైను దగ్గరికి. ఫైలు పేరులో తేదీ రావడానికి డేట్ కమాండ్‌కు ఒంటి కోట్‌లలో సంవత్సరం, నెల, రోజు అడిగింది. మూడింటికీ ముందు ఒక్కో % గుర్తు. టెర్మినల్లో ఆ లైనును ముందుగా చదివేది షెల్, దానికి % అంటే ఏమీ లేదు. క్రాన్ ఫైల్లో అయితే షెల్ కంటే ముందు క్రాన్ చదువుతుంది. క్రాన్ దృష్టిలో మొదటి % అంటే కమాండ్ అయిపోయిందని. తర్వాతదంతా ఆ కమాండ్‌కు తినిపించే మేత, అందులో వచ్చే ప్రతి % ఒక కొత్త లైను. అంటే షెల్ చేతికి వచ్చింది మొదటి % దాకా ఉన్న ముక్క. అందులో తెరిచిన కోట్ ఉంది, మూసిన కోట్ లేదు. మెయిల్లో షెల్ అబద్ధం చెప్పలేదు. దానికి ఎంత కనిపించిందో అంతే చెప్పింది.

"అయితే మధ్యలో ఇంకొకళ్ళు చదువుతున్నారా సార్!" అంది. మూడు % గుర్తుల ముందూ ఒక్కో గీత పెట్టింది. మర్నాడు బ్యాకప్ బుద్ధిగా వచ్చింది.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. వారం తిరిగాక ఆ లైను పొడుగైపోతోందని, మొత్తం కత్తిరించి ఒక స్క్రిప్ట్ ఫైల్లో పెట్టి, క్రాన్‌కు ఆ స్క్రిప్ట్ పేరు మాత్రం ఇచ్చింది. పద్ధతైన పనే. మర్నాడు చూస్తే ఫైలు పేరులో తేదీ ముక్కముక్కకీ ముందు ఒక గీత. లైను స్క్రిప్టులోకి మారింది కదా, దాన్ని క్రాన్ ఇక చదవదు. తినే నోరు ఒకటి తగ్గింది. షెల్ ఒంటి కోట్‌లలోని గీతను ముట్టదు. డేట్ కమాండ్‌కు గీతంటే ఏమిటో తెలియదు, ఉన్నదున్నట్టు అచ్చేసింది. మొదటిసారి ఒక పాఠకుణ్ణి తక్కువ లెక్కపెట్టింది, ఈసారి ఎక్కువ.

అసలు కంటికి కనిపించని దొంగలు వేరే ఉన్నారు. పొడుగు కమాండ్‌ను కింది లైన్లోకి కొనసాగించడానికి లైను చివర గీత పెడతాం. అది కొత్త లైనును తప్పిస్తుంది. ఆ గీత తర్వాత పొరపాటున ఒక్క ఖాళీ పడితే అది తప్పించేది ఖాళీని, కమాండ్ అక్కడికక్కడే తెగుతుంది. విండోస్‌లో సేవ్ చేసిన స్క్రిప్టులో ప్రతి లైను చివరా ఒక అదనపు గుర్తు దాక్కుంటుంది. వాట్సాప్ ద్వారానో వర్డ్ ఫైలు ద్వారానో వచ్చిన కమాండ్‌లో నిటారు కోట్ కాస్తా “ అని వంపు తిరిగి ఉంటుంది, షెల్‌కు అది కోట్ కానే కాదు, ఏదో ఒక అక్షరం. నేనైతే ముందు క్యాట్ కమాండ్‌కు పెద్ద ఏ ఆప్షన్ ఇచ్చి చూస్తాను. లైను చివర $ కనిపిస్తుంది, విండోస్ చెత్త ^ గుర్తుతో బయటపడుతుంది, వంపు కోట్ ముసుగు ఊడుతుంది. సర్వర్‌ను మళ్ళీ మొదలుపెట్టేముందు ఇంజిన్ఎక్స్‌కైనా అపాచీకైనా కాన్ఫిగ్ పరీక్ష కమాండ్ ఉంది, అదీ నడుపుతాను. కాకపోతే అది వ్యాకరణం సరిపోయిందని చెబుతుంది గానీ, నేననుకున్న అర్థమే వచ్చిందని చెప్పదు.

తెలుగు టైపు చేసేవాళ్ళకు మరో దొంగ తోడు. ఇప్పుడు నేను బ్యాక్‌స్లాష్ అని రాశాను చూడండి, క్ తర్వాత స్లా దానికింద ఒత్తుగా జారకుండా మధ్యలో వెడల్పు లేని అక్షరం ఒకటి కూర్చుంది. పొల్లు పక్క అక్షరాన్ని కలిపేస్తే, ఇది కలపొద్దంటుంది. మన లిపిలోనూ తప్పించే గుర్తు ఉందన్నమాట. ఆ మాటను ఫైలు పేరుగా పెట్టి, స్క్రిప్టులో ఆ అక్షరం లేకుండా రాస్తే ఫైలు దొరకదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చిన తెలుగు అక్షరం గుర్తుందా? జ, పొల్లు, ఞ, ఈ కనిపించని అక్షరం, దీర్ఘం, ఆ వరసలో. గీయడం చేతకాక యాప్‌లు చచ్చిపోయాయి. జ్ఞానంలోని జ్ఞా కావడం మన అదృష్టం.

మిగతా చరిత్ర గబగబా. 1981 నాటి డాస్‌లో ఫోల్డర్లు లేవు, ముందుకు వాలిన గీత ఆప్షన్ల పనిలో ఉంది. 1983లో ఫోల్డర్లు వచ్చేసరికి దారి చూపే పని వెనక్కి వాలిన గీతకు పడింది. అప్పటి నుంచి న్యూ అనే ఫోల్డర్‌ను సీ ప్రోగ్రామ్‌లో రాస్తే గీత పక్కన ఎన్ పడి కొత్త లైను పుడుతోంది. జపాన్‌లో 92 స్థానంలో యెన్ గుర్తు వేశారు. వాళ్ళ షిఫ్ట్ జిస్ కోడ్‌లో కటకానా "సో" అక్షరం 131, 92 అనే రెండు బైట్లు. ప్రోగ్రాములు రెండో బైటును గీత అనుకుని తినేసేవి, అక్షరం సగమయ్యేది. పీహెచ్‌పీ వాళ్ళు మ్యాజిక్ కోట్స్ పేరుతో, వచ్చిన ప్రతి సమాచారానికీ తామే గీతలు తగిలించారు. తినేవాడు లేనిచోట అవి పేర్లలో మిగిలిపోయి డి\'సౌజాలను పుట్టించాయి, 2012లో 5.4 వెర్షన్‌తో ఎత్తేశారు. 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో, కంచం కింద వేసే కాగితం మీద యూటీఎఫ్-8 అనే అక్షర కోడ్ గీసినవాళ్ళలో ఒకరు నక్షత్రం పెట్టిన ఆ కెన్ థాంప్సనే. అందులో ఆస్కీ కాని అక్షరం బైట్లన్నీ 128 నుంచి పైకే ఉంటాయి. మన క అంటే 224, 176, 149. ఎక్కడ కోసి చూసినా 92 తగలదు.

అన్నట్టు, గీతలతో పుట్టిన ఆ బ్యాకప్ ఫైలును చెరిపెయ్యమన్నాను. పేరు ఉన్నదున్నట్టు టైపు చేసింది, అలాంటి ఫైలే లేదంది చెరిపే కమాండ్. కొంచెంసేపు స్క్రీన్ వంక చూసి, "ఇప్పుడు చదివేది షెల్ ఒక్కటే కదా సార్" అని, ఒక్కో గీత పక్కన ఇంకో గీత చేర్చి ఎంటర్ కొట్టింది. షెల్ ఏమీ అనలేదు.