లోగో దగ్గరే ఆగిపోయిందా? తొందరపడి ఫార్మాట్ చేయొద్దు!

రేపు పొద్దున పది గంటలకు ఆన్‌లైన్ టెస్టు. కెమెరా, మైకు ఒకసారి చూసుకుందామని రాత్రి తొమ్మిదిన్నరకు లాప్‌టాప్ ఆన్ చేశారు. కంపెనీ లోగో వచ్చింది. కింద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. అంతలోనే స్క్రీన్ నీలంగా మారి, రీస్టార్ట్ అయి మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ లోగో, మళ్లీ చుక్కలు, మళ్లీ నీలం. మందమర్రిలో ఆ టైముకు రిపేరు షాపు దొరకడం కష్టం. బస్సెక్కి మంచిర్యాల పోదామన్నా అక్కడా షట్టర్లు దించేసి ఉంటారు.

ముందు టెస్టు సంగతి చూడండి, లాప్‌టాప్ సంగతి తర్వాత. ఆ స్క్రీన్‌ను టైముతో సహా ఫోన్లో ఫొటో తీసుకోండి. టెస్టు లింకు పంపిన మెయిల్లో సపోర్టు అడ్రస్ ఉంటే ఆ ఫొటో జతచేసి రెండు వాక్యాలు రాసి పంపండి. దోస్తు లాప్‌టాప్ ఒకటి రేపటికి మాట్లాడి పెట్టుకోండి. ఈ పని పావుగంటలో అయిపోతుంది. దీన్ని పక్కనపెట్టి తెల్లవారేదాకా రిపేరులో మునిగి, పొద్దున టెస్టూ లేక లాప్‌టాపూ లేక కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

ఇక రిపేరు. అందరూ వేసే మొదటి ప్రశ్న 'ఇప్పుడేం చేయాలి?' అని. దానికంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇంకోటుంది: 'ఎక్కడ ఆగింది?'

సర్దార్ సరే అంటేనే...

పవర్ బటన్ నొక్కగానే విండోస్ రాదు. మొదట మదర్‌బోర్డులో ఉన్న చిన్న ప్రోగ్రాం లేస్తుంది. దాన్ని బయోస్ అని పిలవడం అలవాటైంది కానీ ఇప్పటి మెషీన్లలో ఉండేది యూఈఎఫ్ఐ. ర్యామ్, ప్రాసెసర్, డిస్‌ప్లే వంటివి ఉన్నాయా, పనిచేస్తున్నాయా అని అది చూస్తుంది. ఈ తనిఖీ పేరు పోస్ట్, అంటే పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్. బాయి పని చేసేవాళ్ల ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఇది చెప్పడం తేలిక. షిఫ్టువాళ్లు పనిస్థలానికి పోయే ముందు మైనింగ్ సర్దార్ పైకప్పు చూస్తాడు, గ్యాస్ చూస్తాడు. ఆయన సరే అంటేనే మనుషులు లోపలికి పోతారు. పోస్ట్ కూడా అంతే. అది సరే అన్నాకే డిస్కు మీదున్న బూట్ మేనేజర్‌కు పని అప్పగిస్తుంది. బూట్ మేనేజర్ విండోస్ కెర్నల్‌ను లేపుతుంది, కెర్నల్ డ్రైవర్లను లోడ్ చేసుకుంటుంది. ఆ తర్వాతే లాగిన్ స్క్రీన్.

ఈ వరుస గుర్తుంటే సగం పని అయినట్టే. లోగో దాకా వచ్చిందంటే పోస్ట్ దాదాపు పాసైనట్టు. చుక్కలు తిరిగాయంటే డిస్కు కనిపించింది, విండోస్ మొదలైంది. ఛార్జర్‌ను, డిస్‌ప్లేను అనుమానిస్తూ టైము వేస్ట్ చేసుకోనక్కర్లేదు.

అసలు లైటే రాకపోతే సాకెట్ మార్చి చూడండి, ఇంకో ఛార్జర్ దొరికితే పెట్టి చూడండి. తర్వాత ఛార్జర్ పీకేసి పవర్ బటన్‌ను 30 సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోయి, మొరాయించిన బోర్డు మళ్లీ లేచిన సందర్భాలు చాలా ఉన్నాయి. డెస్క్‌టాప్ అయితే ఫ్యాను ఒక్కసారి తిరిగి ఆగిపోవడం ఎస్‌ఎంపీఎస్ పాడైందనడానికి ఓ గుర్తు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా అందులోని కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు ఉండొచ్చు.

ఫ్యాను తిరుగుతోంది, స్క్రీన్ నల్లగానే ఉంది, బీప్ శబ్దాలు వస్తున్నాయి లేదా లైటు మినుకుమినుకుమంటోంది అనుకోండి. పోస్ట్ ఫెయిలైంది, ఎందుకో అది చెబుతోందన్నమాట. ఎన్ని బీప్‌లు, ఎంత పొడవు అన్నది లెక్కపెట్టి మీ మోడల్ పేరుతో వెతకండి. కంపెనీని బట్టి అర్థం మారుతుంది. ఎక్కువసార్లు తేలేది ర్యామ్ దగ్గరే. పవర్ తీసి, బ్యాటరీ కనెక్షన్ కూడా తప్పించి, ర్యామ్‌ను బయటికి లాగి, పసుపుపచ్చ కాంటాక్టులను పొడి గుడ్డతో మెల్లగా తుడిచి, మళ్లీ క్లిక్‌మనేదాకా నొక్కండి. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కోటి విడిగా పెట్టి చూడండి.

'నో బూటబుల్ డివైస్' అని వచ్చిందా? నవ్వకండి, ముందు పెన్‌డ్రైవ్ పీకి చూడండి. అది లేకున్నా అదే మెసేజ్ వస్తే బయోస్‌లోకి వెళ్లి డిస్కు పేరు కనిపిస్తోందో లేదో చూడాలి. చాలా మోడళ్లలో ఎఫ్2, కొన్నింటిలో ఎఫ్10 లేదా డిలీట్ కీ. కనిపించకపోతే ఎస్‌ఎస్‌డీ వదులైంది లేదా పోయింది. అక్కడే తేదీ కూడా చూడండి. ఎన్నో ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందని అర్థం. అది అయిపోతే బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి. వాటిలో స్టోరేజ్ మోడ్ కూడా మారిపోతే, విండోస్ బాగానే ఉన్నా 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అంటూ కూలుతుంది. ఒక బిళ్ల బ్యాటరీ మారిస్తే పోయేదానికి కొత్త డిస్కు కొన్నవాళ్లున్నారు!

నీలం స్క్రీన్ మీద చూడాల్సింది

మన కేసు ఇది కాదు. లోగో వచ్చాక, చుక్కలు తిరిగాక కూలుతోంది. అంటే విండోస్ లోడయ్యే దశలో. ఈ స్క్రీన్ ఇన్నేళ్లూ నీలమే కానీ, 2025 నుంచి విండోస్ 11లో నలుపైంది. రంగు ఏదైనా కింద ఉండే స్టాప్ కోడ్, ఏదైనా ఫైల్ పేరు ఉంటే అది, ఈ రెండే ముఖ్యం. మూడుసార్లు రీస్టార్ట్ కానిచ్చి మూడుసార్లూ ఫొటో తీయండి. ప్రతిసారీ అదే కోడ్, అదే ఫైల్ పేరు వస్తే డ్రైవర్‌ను అనుమానించాలి. ఒక్కోసారి ఒక్కో కోడ్ వస్తే ర్యామ్, వేడి, డిస్కు వైపు చూడాలి. పక్కా నియమం కాదు కానీ నాకు చాలాసార్లు దారి చూపింది ఇదే.

వరుసగా రెండు మూడుసార్లు బూట్ ఫెయిలైతే విండోస్ తనంతట తానే రిపేరు స్క్రీన్‌లోకి పోతుంది. అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. తర్వాత వచ్చే జాబితాలో 4 నొక్కితే సేఫ్ మోడ్. సేఫ్ మోడ్‌లో విండోస్ అత్యవసరమైన డ్రైవర్లతోనే లేస్తుంది. అందులో బాగా నడిస్తే మీ బోర్డు, ర్యామ్, డిస్కు దాదాపు క్షేమం. దొంగ బయటి డ్రైవరో, కొత్తగా వేసిన ప్రోగ్రామో. నిన్నమొన్న ఏం మారిందో గుర్తు తెచ్చుకోండి: అప్‌డేటా, గ్రాఫిక్స్ డ్రైవరా, క్రాక్ చేసిన గేమా? దాన్ని తీసేయండి. సేఫ్ మోడ్ కూడా రాకపోతే అదే రిపేరు స్క్రీన్‌లో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, సిస్టమ్ రిస్టోర్ ఉంటాయి. ఈ రెండూ మీ ఫైళ్ల జోలికి రావు.

వేడి గురించి ఒక మాట. మన దగ్గర ఎండాకాలం సంగతి వేరే చెప్పాలా? పైగా చుట్టూ గనులు, టిప్పర్లు. కిటికీ పక్కన టేబుల్ మీద వేలు పెట్టి గీస్తే నల్లగా అంటుతుంది. అదే దుమ్ము లాప్‌టాప్ ఫ్యానులో, దాని పక్కనున్న సన్నటి రేకుల్లో పేరుకుంటుంది. ఆన్ చేసిన కొద్దిసేపటికే ఫ్యాను అరిచి, ఏ మెసేజూ లేకుండా ఠక్కున ఆరిపోతే, కాసేపు చల్లారాక ఎక్కువసేపు నడిస్తే అది వేడి సమస్యే. బ్లోయర్‌తో ఊదొచ్చు. కాకపోతే ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకుని ఊదండి. లేకపోతే అది వేగంగా తిరిగి పాడవుతుంది. మంచం మీద, దుప్పటి మీద పెట్టి వాడితే మాత్రం ఎన్నిసార్లు ఊదినా లాభం లేదు.

శంషాబాద్‌లో చేతిరాత పాసులు

ఇదంతా పాత సిస్టమ్‌ల గోల అనుకునేవాళ్లకు 2024 జులై 19, శుక్రవారం గుర్తుచేస్తాను. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ మన టైము ప్రకారం ఉదయం 9.39కి విండోస్ కంప్యూటర్లకు ఒక చిన్న అప్‌డేట్ పంపింది. దాని ప్రోగ్రాం 21 వివరాలు వస్తాయనుకుంటే అందింది 20. లేని 21వ దాన్ని చదవబోయి, ఉండకూడని చోట మెమరీని తాకింది. అది కెర్నల్‌లో నడిచే డ్రైవర్ కాబట్టి తనతో పాటు మొత్తం విండోస్‌ను కూల్చింది. రీస్టార్ట్ అయితే మళ్లీ అదే డ్రైవర్, మళ్లీ నీలం. కంపెనీ 10.57కే తప్పు సరిదిద్దింది. అంటే 78 నిమిషాలు. అప్పటికే దాదాపు 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క. విమానాలు ఆగాయి, ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా పోయే ఓ ప్రయాణికుడికి పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది.

78 నిమిషాల్లో సరిదిద్దినదానికి రోజుల తరబడి అవస్థ ఎందుకు? మీకిప్పుడు జవాబు తెలియాలి. సరైన ఫైల్ ఇంటర్నెట్‌లో ఉంది, కానీ నెట్ అందుకునేలోపే కంప్యూటర్ కూలుతోంది. మనిషి ఒక్కో మెషీన్ దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లోకి పోయి, డ్రైవర్స్ ఫోల్డర్‌లో సి-00000291తో మొదలయ్యే ఫైల్‌ను తీసేసి రావాల్సొచ్చింది. క్లౌడ్‌లో నడిచే కొన్ని మెషీన్లను 15 సార్ల దాకా రీస్టార్ట్ చేసి చూడమని మైక్రోసాఫ్టే చెప్పింది. ఏదో ఒకసారి కూలేలోపు కొత్త ఫైల్ దిగుతుందేమోనని! ఇంకో చిక్కు, డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ లేనిదే సేఫ్ మోడ్ దాకా పోవడమే కుదరలేదు.

ఆ రోజు ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీల్లో జరిగిన రిపేరు, మీ లాప్‌టాప్‌కు మీరు చేయబోయే రిపేరు ఒకటే. ఎక్కడ కూలుతోంది, ఆ చోటికి ముందే ఎట్లా ఆగాలి, ఏ ఒక్కదాన్ని తీయాలి. ఎవరూ 85 లక్షల కంప్యూటర్లను ఫార్మాట్ చేయలేదు.

ఫార్మాట్ మాట ఎందుకు ఎత్తుతున్నానంటే, ఫైనలియర్‌లో నాకు తగిలిన దెబ్బ అదే. లాప్‌టాప్ లోగో దగ్గర కూలుతుంటే ఓ షాపుకు తీసుకుపోయాను. 'విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలె' అన్నారు. సరే అన్నాను. తప్పు నాది కూడా, డేటా సంగతి అడగలేదు. ప్రాజెక్టు కోడ్, రిపోర్టు, ఇంటర్వ్యూ నోట్సు అన్నీ పోయాయి. మూడో రోజు మళ్లీ అదే నీలం స్క్రీన్. పాడైంది ర్యామ్. విండోస్‌కు ఏమీ కాలేదు.

అందుకే రిపేరు కంటే ముందు డేటా బయటికి తీయండి. దోస్తు కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద రూఫస్‌తో ఉబుంటు వేసుకుని, దాంతో మీ లాప్‌టాప్‌ను బూట్ చేయండి. 'ట్రై ఉబుంటు' అనే దారిలోనే వెళ్లండి, ఇన్‌స్టాల్ నొక్కొద్దు. మీ ఫోల్డర్లు కనిపిస్తాయి, ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. డిస్కు టక్‌టక్‌మంటున్నా, కాపీ బాగా నెమ్మదించినా చెక్‌డిస్క్ లాంటివి నడపకండి. చావుబతుకుల్లో ఉన్న డిస్కును పరుగెత్తించినట్టవుతుంది. ముందు ముఖ్యమైనవి తీసుకోండి.

ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న

డెస్క్‌టాప్ సపోర్టు, సర్వీస్ డెస్క్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లను 'యూజర్ సిస్టమ్ బూట్ కావట్లేదు, ఏం చేస్తావు?' అని అడగడం మామూలే. 'ఓఎస్ రీఇన్‌స్టాల్ చేస్తాను' అంటే అక్కడితో అయిపోయినట్టే. ఎదుటివాళ్లు వినాలనుకునేది మీ ప్రశ్నలు. స్క్రీన్ మీద ఏముంది? చివరిసారి ఎప్పుడు బాగా నడిచింది? మధ్యలో ఏం మారింది? పక్కవాళ్ల సిస్టమ్‌లకూ ఇలాగే ఉందా? ఈ చివరి ప్రశ్న చాలామంది మరిచిపోతారు. జులై 19న మొదట అడగాల్సింది అదే.

కంప్‌టియా ఏ ప్లస్ సర్టిఫికేషన్ సిలబస్‌లో దీన్నే ఆరు మెట్లుగా చెబుతారు. సమస్యను గుర్తించడం, కారణాన్ని ఊహించడం, ఆ ఊహను పరీక్షించడం, ప్లాన్ వేసి చేయడం, అంతా నడుస్తోందో లేదో చూడడం, చేసింది రాసిపెట్టడం. ఫ్రెషర్లు ఎక్కువగా వదిలేసేది ఆరోది. మీ లాప్‌టాప్ బాగుచేసినప్పుడు ఏ టైముకు ఏం కనిపించింది, ఏం మార్చారు, ఏం జరిగింది అని ఒక పేజీ రాసి ఉంచుకోండి. 'ఏదైనా సమస్యను నువ్వే పరిష్కరించిన సందర్భం చెప్పు' అని హెచ్‌ఆర్ అడిగితే కథలు అల్లాల్సిన పని ఉండదు. ఒక్కసారికి ఒక్కటే మార్చారని ఆ పేజీలో కనిపించాలి. మూడు కలిపి మారిస్తే, బాగైనా దేనివల్ల బాగైందో మీరే చెప్పలేరు.

లాప్‌టాప్ బాగున్న ఈ రోజే చేసుకోవాల్సిన పని ఒకటుంది. కొత్త విండోస్ 11 మెషీన్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, మీకు తెలియకుండానే డిస్కుకు తాళం పడి ఉండొచ్చు. బయోస్‌లో సెట్టింగులు మార్చినా, సేఫ్ మోడ్‌కు పోయినా, ఉబుంటుతో డిస్కు తెరవబోయినా ఆ 48 అంకెలు అడగొచ్చు. ఫోన్ బ్రౌజర్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైసెస్ కింద రికవరీ కీ ఉందేమో చూడండి. ఉంటే కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకోండి. చాలామంది దాన్ని స్క్రీన్‌షాట్ తీసి అదే లాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద సేవ్ చేసుకుంటారు!