స్పితి ట్రిప్‌కి ఏ ఫోన్ కొనాలి? ముందు ఉన్న ఫోన్‌నే రెడీ చేయండి

'అన్నా, స్పితి వెళ్తున్నాం, ఏ ఫోన్ తీసుకోమంటావ్?' ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇదే. నా జవాబు కూడా ఒక్కటే. మీ దగ్గరున్నదే చాలు. పదిహేను వేల ఫోనైనా సరే, బయల్దేరే ముందు రెండు గంటలు కూర్చుని సిద్ధం చేసుకుంటే, ఏమీ సెట్ చేయకుండా తెచ్చిన లక్ష రూపాయల ఫోన్ కంటే అక్కడ బాగా పనికొస్తుంది. ఎందుకో చెబుతాను.

స్పితి హిమాచల్ ప్రదేశ్‌లో టిబెట్ సరిహద్దు పక్కనున్న చలి ఎడారి. ప్రధాన ఊరు కాజా 12 వేల అడుగులకు పైన ఉంటుంది. హైదరాబాద్ నుంచి రైల్లో ఢిల్లీ, అక్కణ్ణుంచి రాత్రి బస్సులో మనాలి లేదా సిమ్లా, తర్వాత గవర్నమెంట్ బస్సులు. హోమ్‌స్టేలో పడక, భోజనం దొరుకుతాయి కాబట్టి తక్కువ ఖర్చులోనే తిరిగి రావచ్చు. కాజాలో 4జీ ఉంది. కానీ లాంగ్జా, హిక్కిం, కోమిక్ లాంటి పై ఊళ్ల మధ్య నడిచేటప్పుడు సిగ్నల్ ఒక మలుపులో ఉంటుంది, ఇంకో మలుపులో ఉండదు. దారి తప్పినా, ఒంట్లో బాగోకపోయినా ఫోన్‌లో అప్పటికే ఏం ఉందో అదే దిక్కు.

మ్యాప్: ఇంట్లోనే దించుకోండి

జీపీఎస్‌కి సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో కూడా పనిచేస్తుంది. మొబైల్ డేటా సాయం లేనప్పుడు మొదటిసారి లొకేషన్ పట్టడానికి కాస్త టైమ్ తీసుకుంటుంది, అంతే. ఆకాశం బాగా కనిపించే చోట కొన్ని నిమిషాలు ఆగండి.

గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ ఏరియా సేవ్ చేసుకోవచ్చు కానీ, అందులో నడక దారులు ఆఫ్‌లైన్‌లో చూపించదు. నేను ఆర్గానిక్ మ్యాప్స్ వాడతాను. ఉచితం, ప్రకటనలు లేవు, కాలిబాటలు కూడా ఉంటాయి. ఓఎస్ఎంఅండ్ యాప్ కూడా ఇలాంటిదే. హోమ్‌స్టే, బస్టాండ్, దగ్గరి ఆసుపత్రి పిన్ చేసి పెట్టుకోండి. హిందీ అంతగా రానివాళ్లు గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు, హిందీ ప్యాక్‌లు కూడా దించుకోవాలి.

బ్యాటరీకి అసలు శత్రువు చలి

లాంగ్జా నుంచి హిక్కింకి నడుస్తుంటే మాతో వచ్చిన విజయవాడ కుర్రాడి ఫోన్ 30 శాతం దగ్గరే ఆగిపోయింది. పాడైపోయిందని ముఖం వేలాడేశాడు. జాకెట్ లోపలి జేబులో పెట్టుకోమన్నాను. పావుగంట తర్వాత ఆన్ చేస్తే 24 శాతం చూపించింది. ఇందులో మాయేం లేదు. చలికి లిథియం బ్యాటరీ లోపల రసాయన చర్య నెమ్మదిస్తుంది, వోల్టేజ్ పడిపోతుంది, ఫోన్ తనంతట తానే ఆగిపోతుంది. ఒంటి వెచ్చదనం తగిలితే తేరుకుంటుంది.

కాబట్టి పగలు ఫోన్‌ని లోపలి జేబులో, రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో ఉంచండి. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఫోన్‌ని వెంటనే ఛార్జింగ్‌కి పెట్టొద్దు, బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. ముందు గది వేడికి రానివ్వండి. సిగ్నల్ కోసం వెతికి వెతికి ఫోన్ ఛార్జింగ్ తినేస్తుంది కాబట్టి నడకలో ఎయిర్‌ప్లేన్ మోడ్ తప్పనిసరి.

పవర్ బ్యాంక్ లెక్క

20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్. విమానంలో మామూలుగా అనుమతించే 100 వాట్ అవర్ లోపే. క్యాబిన్ బ్యాగ్‌లోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్‌లో వేయకూడదు. 5,000 ఎంఏహెచ్ ఫోన్‌కి దీంతో నాలుగు ఫుల్ ఛార్జింగ్‌లు వస్తాయనుకోవద్దు. వోల్టేజ్ మార్పులో, వేడిలో కొంత పోతుంది. రెండున్నర నుంచి మూడు వస్తే సంతోషించండి. పై ఊళ్లలో కరెంట్ పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం, వచ్చినా ఉన్న ఒక్క ప్లగ్ దగ్గర నలుగురుంటారు. చిన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకెళ్తే అందరూ మిమ్మల్ని మెచ్చుకుంటారు.

సిమ్, శాటిలైట్

గ్రూప్‌లో రెండు మూడు వేర్వేరు నెట్‌వర్క్‌లు ఉండేలా చూసుకోండి. అట్నుంచి లద్దాఖ్ కూడా వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. 112కి ఏ కంపెనీ టవర్ నుంచైనా కాల్ వెళ్తుంది, కానీ ఏదో ఒక టవర్ అందాలిగా!

శాటిలైట్ కమ్యూనికేటర్ కొనుక్కెళ్తే పోలా అంటారా? అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ దగ్గర పెట్టుకోవడం మన దేశంలో నేరం. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివి పట్టుకొచ్చి విదేశీయులు చిక్కుల్లో పడ్డారు కూడా.

వాచీలో ఆక్సిజన్ నంబర్ చూసి ధైర్యపడొద్దు

హిక్కిం దాదాపు 14,500 అడుగుల ఎత్తు. స్మార్ట్‌వాచ్‌లో వచ్చే ఎస్‌పీఓ2 రీడింగ్ వైద్యం కోసం చేసింది కాదు. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ మేలు, కానీ చేతులు చల్లబడితే అదీ తప్పు చూపిస్తుంది. నంబర్ బాగున్నా తలనొప్పి, వాంతులు ఉంటే ఇంకా పైకి వెళ్లొద్దు. తగ్గకపోతే కిందికి దిగాలి. మాట తడబడినా, అడుగు తూలినా ఆ క్షణమే దిగాలి. దీనికి వేరే యాప్ లేదు.

ఫోన్ చేయలేని పని

యూపీఐకి మామూలుగా నెట్ కావాలి. కాజాలో ఏటీఎం ఉన్నా దాన్నే నమ్ముకోకుండా సరిపడా నగదు ఉంచుకోండి. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి పర్సులో పెట్టండి.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. పై ఊళ్లకు బయల్దేరే ముందు మా అమ్మకి మెసేజ్ పెడతాను. ఏ ఊరు, ఏ హోమ్‌స్టే, ఏ రోజు కాజాకి తిరిగొస్తాను, ఏ రోజు రాత్రి వరకు ఫోన్ రాకపోయినా కంగారు పడక్కర్లేదు, అది దాటితే ఎవరికి చేయాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. ఈ మెసేజ్ ఉంటే రెండు రోజులు సిగ్నల్ లేకపోయినా ఇంట్లో వాళ్లు నిద్రపోతారు. నిజంగా ఏమైనా అయితే ఎక్కడ వెతకాలో ఒకరికి తెలిసి ఉంటుంది.

ఇదంతా పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి స్పితి దాకా వెళ్లక్కర్లేదు. ఈ ఆదివారం ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, నగదు మాత్రమే తీసుకుని అనంతగిరి కొండలకో, కొండపల్లికో పొద్దున వెళ్లి సాయంత్రం రండి. ఎక్కడ ఇబ్బంది పడితే అది మీరింకా సిద్ధం చేసుకోవాల్సిన పని. కొత్త ఫోన్ సంగతి దాని తర్వాత చూద్దాం.