సున్నపురాయి జమాఖర్చు

సంక్రాంతికి ముందు గోడలకు వెల్ల వేయించుట మన ఇండ్లలో తరతరముల వాడుక. కాల్చిన సున్నమును తొట్టిలో వేసి నీరు పోయగా అది బుసబుస పొంగి, ఆవిరులు చిమ్మి, వెన్నవంటి ముద్దయగును. (ఆ సమయమున పిల్లలను తొట్టి దరికి రానీయరాదు, అది కంటబడినచో చూపునకే ముప్పు.) దానిని నీట కలిపి పూసిన తొలిపూట గోడ మసకగా నుండి, ఆరినకొలది తెల్లబడును. రాయి సున్నమై, సున్నము ముద్దయై, ముద్ద గోడపైకి ఎక్కిన ఈ మార్పులలో పదార్థము ఎక్కడనైన నశించినదా? ఎక్కడనైన క్రొత్తగా పుట్టినదా? ఈ సంగతిని విచారింతము.

100 కిలోల మేలైన సున్నపురాయిని బట్టీలో పూర్తిగా కాల్చినచో చేతికి వచ్చునది 56 కిలోలు మాత్రమే. సున్నపు బట్టీలకు పేరుపడిన పల్నాటి పిడుగురాళ్లలో నైనను, మరియెక్కడనైనను ఈ తరుగు తప్పదు. తక్కిన 44 కిలోలు ఏమైనట్లు? నిప్పు తినివేసినదందుమా? పూర్వపు ఐరోపా పండితులు, సున్నమునకు గల ఘాటు బట్టీలో దానియందు చేరిన అగ్నికణముల వలన కలిగినదని తలచిరి. ఏదియో చేరినచో బరువు పెరుగవలెను గదా!

స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ అను వైద్యుడు ఈ తగవును త్రాసునకు అప్పగించెను. 120 గ్రెయినుల సుద్దను కాల్చగా 68 గ్రెయినుల సున్నము మిగిలినది. దానిని క్షారలవణపు ద్రావణములో వేసి, కడిగి, ఆరబెట్టి తూచగా 118 గ్రెయినులు తూగినది. పోయినదనుకొన్నది ఇంచుమించు అంతయు తిరిగి వచ్చినది! కాలునప్పుడు సుద్దనుండి వెడలినది ఒక వాయువనియు, క్షారలవణము ఆ వాయువునే సున్నమునకు మరల ఇచ్చెననియు ఆయన తేల్చి, 1756లో ప్రకటించెను. మనము బొగ్గుపులుసు గాలి యనునది అదియే. కంటికి కానరాని గాలిని కూడ పద్దులో వ్రాసిన పిమ్మటనే లెక్క కుదిరినది. ఫ్రాన్సు దేశపు లవోయిజే 1789 నాటి తన గ్రంథమున దీనిని నియమముగా నిలిపెను: రసాయన మార్పునకు ముందెంత ద్రవ్యమున్నదో తరువాతను అంతయే యుండును. ద్రవ్యనిత్యత్వ నియమమనగా నిదియే.

ఎందుచేత నిట్లగును? మార్పులో పరమాణువులు జతలు మార్చుకొనునే కాని, సంఖ్యలో తగ్గవు, హెచ్చవు. రేడియోలో నల్లబల్ల లేదు గనుక సంకేతములను నోటనే లెక్కింతము. సున్నపురాయిలో కాల్షియము 1, కర్బనము 1, ఆమ్లజని 3. మొత్తము 5 పరమాణువులు. కాల్చిన సున్నమున కాల్షియము 1, ఆమ్లజని 1. వెడలిన గాలిలో కర్బనము 1, ఆమ్లజని 2. రెండును మూడును అయిదు. కాల్షియమునకు 40, కర్బనమునకు 12, ఆమ్లజనికి 16 చొప్పున బరువు కట్టి చూడుడు. రాయి 100, సున్నము 56, గాలి 44 అగును. బట్టీవాని కాటా చెప్పినదియు నిదియే.

ఇక తొట్టిలోనికి వత్తము. 56 పాళ్ల సున్నమునకు 18 పాళ్ల నీరు చేరి 74 పాళ్ల తడిసున్నమగును. దీని సంకేతమున విద్యార్థులు తరచుగా తడబడుదురు. ఆమ్లజనిని, ఉదజనిని కుండలీకరణములో నుంచి, బయట క్రిందుగా 2 వ్రాయుదురు. ఆ 2 లోపలనున్న ఇద్దరికిని చెందును; చివరనున్న ఉదజనికి మాత్రమే కాదు. కావున కాల్షియము 1, ఆమ్లజని 2, ఉదజని 2.

గోడమీద ఈ తడిసున్నము గాలినుండి 44 పాళ్ల బొగ్గుపులుసు గాలిని గ్రహించి, 18 పాళ్ల నీటిని విడిచిపెట్టును. మిగులునవి సరిగా 100 పాళ్లు. అనగా గోడపైనున్నది మరల సున్నపురాయియే!

లెక్క కుదరనప్పుడు సంకేతములోని అంకెను దిద్దుట పెద్ద పొరపాటు. ఉదజని ఆమ్లజనితో మండి నీరగునప్పుడు, సంకేతములను ఊరక వ్రాసినచో ఒక ఆమ్లజని పరమాణువు మిగిలిపోవును. దానిని సర్దుటకై నీటి సంకేతమున ఆమ్లజని క్రింద 2 వేసినచో అది నీరు కాదు, పుండ్లు కడుగు పెరాక్సైడగును. చిట్టా కుదరలేదని బియ్యమును బెల్లమని వ్రాసినట్లుండును. నీటికి ముందొక 2, ఉదజనికి ముందొక 2 ఉంచుటయే సరియైన మార్గము.

రాయినుండి వెడలిన గాలిని గోడ తిరిగి తీసుకొన్నది. కాని బట్టీలో మండిన బొగ్గు మాట యేమి? 12 కిలోల కర్బనము 32 కిలోల ఆమ్లజనితో కలిసి 44 కిలోల గాలియగును. యంత్రయుగమునకు ముందు వాతావరణమున పది లక్షల పాళ్లకు 280 పాళ్లుగా నున్న ఈ వాయువు 2024 నాటికి 420 పాళ్లు దాటినది. బొగ్గు కాలిపోయినదనుచున్నాము గాని, అది ఎక్కడికిని పోలేదు.

ఇంటిలో చూడదలచిన వారు సున్నపు తేటను ఒక గాజుగ్లాసులో పోసి, గొట్టముతో మెల్లగా ఊదవలెను, లోనికి పీల్చరాదు. మన ఊపిరిలోని గాలి తగిలి తేట పాలవలె తెల్లబడును. గోడపై జరిగినదియే ఇక్కడను జరిగినది. అట్లే చాలసేపు ఊదినచో ఆ తెలుపు కరగి నీరు మరల తేరుకొనును. సున్నపురాయి, నీరు, బొగ్గుపులుసు గాలి ఒక్కొక్క అణువు చొప్పున కలిసినందున ఇట్లయినది. ఆ మూడింటిలో కలిసి ఎన్ని పరమాణువులో పిల్లలచే లెక్కింపించుడు, పదకొండు రావలెను.