సంస్థలలో సమాచార వ్యవస్థలు: ప్రారంభ కోర్సు బోధనలో 'కార్డ్' ఉదాహరణ

వ్యాససారం:
సమాచార వ్యవస్థ అంటే కంప్యూటర్ మాత్రమే కాదు; మనుషులు, పని, సంస్థా నిర్మాణం, సాంకేతికత కలిసిన అమరిక. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖలో అమలైన 'కార్డ్' పథకం ఆధారంగా ఈ భావనను వివరించడం ప్రస్తుత వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: సమాచార వ్యవస్థ, దత్తాంశం, రిజిస్ట్రేషన్ శాఖ, కార్డ్, దస్తావేజు లేఖరి.

1. ఉపోద్ఘాతం:
సమాచార వ్యవస్థల అధ్యయనం ప్రత్యేక విద్యాశాఖగా రూపొందడానికి 1968లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మొదలైన కోర్సు దోహదం చేసింది. ఆ కృషిలో గోర్డన్ డేవిస్ ప్రముఖుడు. నేడు వాణిజ్య, నిర్వహణ శాస్త్రాల విద్యార్థులకు ఇది ప్రాథమిక పాఠ్యాంశం. దీని బోధన హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ జాబితాతో మొదలైతే, కార్యాలయానికి కంప్యూటర్లు రాగానే సమస్యలు తీరుతాయనే అభిప్రాయం విద్యార్థిలో స్థిరపడే ప్రమాదం ఉంది.

2. దత్తాంశం - సమాచారం:
సబ్-రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదయ్యే సర్వే నంబరు, విస్తీర్ణం, క్రయవిక్రయదారుల పేర్లు దత్తాంశాలు. "ఈ స్థలం ఎక్కడైనా తాకట్టులో ఉందా?" అన్న కొనుగోలుదారుని ప్రశ్నకు వాటి నుండి లభించే సమాధానం సమాచారం. దత్తాంశాన్ని సేకరించి, భద్రపరచి, అవసరమైన వారికి సమాచారంగా అందించే ఏర్పాటే సమాచార వ్యవస్థ.

3. కంప్యూటర్‌కు ముందున్న వ్యవస్థ:
ఈ నిర్వచనం ప్రకారం రిజిస్ట్రేషన్ శాఖలో సమాచార వ్యవస్థ కంప్యూటర్ కంటే ఎంతో ముందే ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజులను పుస్తకాలలోకి ఎక్కించాలనీ, సూచికలు తయారు చేయాలనీ నిర్దేశించింది. మొదటి సూచిక వ్యక్తుల పేర్లకు, రెండవది ఆస్తుల వివరాలకు సంబంధించింది. అయితే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ కోసం సిబ్బంది ఏళ్ల తరబడి సూచికలను చేతితో వెదకవలసి వచ్చేది. ఆస్తి విలువను ఎలా లెక్కగట్టారో సామాన్యునికి తెలిసేది కాదు.

4. 'కార్డ్' తెచ్చిన మార్పు:
1998లో ప్రారంభమైన 'కార్డ్' ద్వారా 214 సబ్-రిజిస్ట్రార్ కార్యాలయాలను కంప్యూటరీకరించారు. మార్కెట్ విలువ, స్టాంపు రుసుముల లెక్కింపు, దస్తావేజుల స్కానింగ్, సర్టిఫికెట్ల జారీ కంప్యూటర్ పరిధిలోకి వచ్చాయి. రోజులు పట్టే సర్టిఫికెట్ నిమిషాలలో ఇవ్వడం సాధ్యమైంది. కోర్సు పరిభాషలో ఇది లావాదేవీల నమోదు వ్యవస్థ. అదే దత్తాంశం నుండి పై అధికారులకు రాబడి నివేదికలు అందితే నిర్వహణ సమాచార వ్యవస్థ అవుతుంది.

5. మారనిది ఏమిటి?
2004లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ప్రచురితమైన జొనాథన్ కేస్లీ అధ్యయనం ఈ విజయాన్ని ప్రశ్నించింది. కంప్యూటరీకరణ తర్వాత కూడా ప్రజలు దస్తావేజు లేఖరులపై ఆధారపడటం, అవినీతి కొనసాగాయని ఆ అధ్యయనం పేర్కొంది.

దీన్ని అర్థం చేసుకోవడానికి 1965లో హెరాల్డ్ లీవిట్ ప్రతిపాదించిన నమూనా ఉపకరిస్తుంది. సంస్థలో పని, నిర్మాణం, మనుషులు, సాంకేతికత పరస్పరాశ్రితాలని, ఒకదానిలోని మార్పు మిగిలినవాటిపై ప్రభావం చూపుతుందని ఆయన భావన. ఈ దృష్టితో చూస్తే 'కార్డ్' సాంకేతికతను, పనిలో కొంత భాగాన్ని మార్చింది. దస్తావేజును స్వీకరించే అధికారం ఎప్పటిలాగే అధికారి చేతిలో ఉంది. దస్తావేజు రాయించుకోవడానికి, కార్యాలయ పద్ధతి తెలుసుకోవడానికి పౌరునికి మధ్యవర్తి అవసరం తీరలేదు. కంప్యూటర్ లెక్కను వేగవంతం చేయగలదు గాని, ఈ సంబంధాలను తనంతట తాను మార్చలేదు.

చట్టం కూడా వ్యవస్థలో భాగమే. రిజిస్ట్రేషన్ పుస్తకాలను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచడానికి వీలు కల్పించే 16-ఎ సెక్షన్ కేంద్ర చట్టంలో 2001లో చేరింది.

6. ముగింపు:
ప్రారంభ కోర్సులో ఇటువంటి ఉదాహరణను మూడు ప్రశ్నలతో చర్చించవచ్చు. కంప్యూటర్ రాకముందు పని ఎలా జరిగేది? వచ్చాక ఏ దశ తగ్గింది? నిర్ణయాధికారం ఎవరి చేతి నుండి ఎవరి చేతికి మారింది? మూడవ ప్రశ్నను విడిచిపెడితే సర్టిఫికెట్ జారీ వేగమే సంస్కరణగా కనిపిస్తుంది. కార్యాలయం వెలుపల లేఖరి కోసం వేచి ఉన్న పౌరుడు లెక్కలోకి రాడు. రేపు ఇటువంటి వ్యవస్థలను రూపొందించే, నిర్వహించే విద్యార్థికి ఆ పౌరుణ్ణి కూడా లెక్కలోకి తీసుకోవడం నేర్పడం ఈ కోర్సు ప్రధాన బాధ్యత.